ఈశాన్యం మూల సంపు

నేను మోస్తున్న బరువు ఒక్క మాట. "సరేనన్నారండి" అన్నాను, అంతే. అనడానికి రెప్పపాటు కూడా పట్టలేదు. కానీ ఆ మాట అన్న రోజు నుంచి ఇవాళ్టి దాకా నేను కట్టిన ఏ ఇంటి గడప దాటినా ముందు నాకు అదే గుర్తొస్తుంది. మొన్నటి దాకా దాన్ని ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు కూడా. మా ఆవిడకైతే అసలే చెప్పలేను, ఎందుకో ముందు ముందు మీకే తెలుస్తుంది.

నేను ఇళ్ళు కట్టించేవాడిని. సత్తెనపల్లి చుట్టుపక్కల ఊళ్ళలో మీరు ఎప్పుడైనా తిరిగి ఉంటే నా చేతి ఇల్లు ఒకటైనా మీ కంట పడే ఉంటుంది. పేరు చెప్పను. పేరు చెప్పే దమ్మే ఉంటే ఇలా రాసుకుంటూ కూర్చునేవాడినా?

మా నాన్న తాపీమేస్త్రి. నేను ఇంటర్ తప్పి ఆయన వెనకాలే తాపీ పట్టాను. పోను పోను సొంతంగా పనులు ఒప్పుకుని, నా కింద మేస్త్రీలను పెట్టుకుని, చొక్కా మాయకుండా పని చేయించే దాకా వచ్చాను. ఊళ్ళో అందరూ నన్ను "ఇంజనీరు గారూ" అనేవారు. నేను కాదనలేదు. ఎందుకు కాదంటాను? వినడానికి బాగుండేది.

తొంభైల చివర్లో కోటయ్య గారు ఇల్లు కట్టాలనుకున్నారు. పత్తి, మిరప పండించే ఆసామి, గుంటూరు యార్డులో మిర్చి వ్యాపారం కూడా ఉండేది. నోరు పెద్దది, మనసు మంచిది. వాళ్ళ బంధువుల ఇళ్ళన్నీ నేనే కట్టాను కాబట్టి ఇదీ నాదేనని లెక్కేసుకుని కూర్చున్నాను. ఆయన మాత్రం గుంటూరు నుంచి ఒక అమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చారు. "ఈ అమ్మాయి ఆర్కిటెక్టంట్రా. ప్లాను ఈమె గీస్తది, నువ్వు కట్టు" అన్నారు.

ఆర్కిటెక్టుకూ కట్టేవాడికీ తేడా ఏమిటో అప్పట్లో మా వైపు ఎవరికీ తెలియదు. కట్టేవాడే గీస్తాడు. సుద్దముక్కతో నేల మీద గీసినా అది ప్లానే. ఆగ్నేయంలో వంటిల్లు, నైరుతిలో పడకగది, మధ్యలో హాలు. సిద్ధాంతి గారు వచ్చి ఊఁ అంటే ముగ్గు పోసి పునాది తవ్వడమే. అందులో ఇంకొకరికి చోటెక్కడిది? కాగితం మీద గీత గీసినందుకు డబ్బు కూడా ఇస్తారా అని నవ్వుకున్నాను. నవ్వుకున్నానని ఇప్పుడు అంటున్నాను గానీ, నిజానికి నాకు తల కొట్టేసినట్టయింది.

ఆవిడ అసలు పేరు రాయను. నసీమా అనుకోండి. వాళ్ళ నాన్నగారికి గుంటూరులో కలప అడితి ఉండేది. మేము కూడా అక్కడే టేకు కొనేవాళ్ళం. ఆవిడ హైదరాబాదులో చదువుకుని వచ్చి, ఆ అడితి పైగదిలో ఆఫీసు తెరిచింది. వయసులో నాకంటే బాగా చిన్నది. మొదటి రోజే నన్ను "మేస్త్రి గారూ" అని పిలిచింది. గౌరవంగానే పిలిచింది, రెండు చేతులూ జోడించి మరీ. కానీ నా పనివాళ్ళ ఎదుట, అందరూ ఇంజనీరు గారూ అనే చోట, ఆ పిలుపు నాకు చెంపదెబ్బలా తగిలింది. మేస్త్రి కొడుకును మేస్త్రి అంటే అంత ఉక్రోషం ఎందుకు రావాలి? ఇప్పటికీ నన్ను నేను అడుగుతూనే ఉంటాను.

ఎన్ని గదులు కావాలని ఆవిడ అడగలేదు. కోటయ్య గారి తల్లిని, మేమంతా మామ్మగారు అనే పెద్దావిడను, మధ్యాహ్నాలు ఎక్కడ కూర్చుంటారని అడిగింది. కారంలోకి మిరపకాయలు ఎక్కడ ఎండబోస్తారు, చేలో పని చేసి వచ్చిన కూలీలు ఎక్కడ కూర్చుని తింటారు, హాల్లో మగవాళ్ళుంటే ఆడవాళ్ళు పెరట్లోకి ఎటు వెళ్ళాలి, ఇవీ ఆవిడ ప్రశ్నలు. తర్వాత బిందెడు నీళ్ళు తెప్పించి స్థలంలో పోయించి, అవి ఎటు పారుతున్నాయో చూస్తూ నిలబడింది. "ఇల్లు కట్టించడానికొచ్చిందా, కళ్ళాపి చల్లడానికొచ్చిందా" అన్నాను నా మేస్త్రీలతో. అందరం పడీ పడీ నవ్వాం.

ఆవిడ నీళ్ళ గురించే ఎందుకంత పట్టుబట్టిందో నాకు తెలియక కాదు. మాది నల్లరేగడి. ఎండాకాలం చెప్పు దూరేటంత నెర్రెలిస్తుంది, తడిస్తే పొంగుతుంది. ఇంటికి ఒక పక్క నేల తడిసి, మిగతా పక్కలు పొడిగా ఉంటే తడిసిన మూల పైకి లేస్తుంది. గోడ పగులుతుంది. ఈ నేల మీద పుట్టి పెరిగిన నాకు ఆవిడ వచ్చి చెప్పాలా? అయినా ఆవిడ శ్రద్ధగా చెప్పింది. పునాది లోతుకు పోవాలి, చుట్టూ గ్రావెల్ నింపాలి, గోడల చుట్టూ బండలు పరచాలి, నీళ్ళ సంపు పెరట్లో వాయవ్యం వైపు, ఇంటికి ఎడంగా ఉండాలి. అన్నీ అలాగే చేశాను, ఒక్క సంపు తప్ప.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. స్లాబు పడితే ప్లాను గీసినవాళ్ళ పని అయిపోయినట్టే. తర్వాత ప్లాస్టరింగు, తలుపులు, రంగులు, సంపు, ప్రహరీ, ఇవన్నీ కట్టేవాడి చేతిలో ఉంటాయి. స్లాబు రోజున ఆవిడ వచ్చి, పనివాళ్ళందరికీ మిఠాయి పంచి వెళ్ళింది. ఆ తర్వాత ఆవిడ రావలసిన పని లేదు.

గృహప్రవేశం దగ్గర పడ్డాక సిద్ధాంతి గారు వచ్చి సంపు ఎక్కడని అడిగారు. వాయవ్యంలో అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. నీరు ఈశాన్యంలోనే ఉండాలన్నారు. ఈశాన్యంలో పూజగది ఉంది. ఆ గోడకూ ప్రహరీకీ మధ్య ఒక సందు. అక్కడ సంపు తవ్వితే పునాదికి ఆనుకునే తవ్వాలి, పోసిన గ్రావెల్ కొయ్యాలి, బండలు పీకాలి. నేను కోటయ్య గారి వంక చూశాను. ఆయన కాసేపు ఆలోచించి అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"ఆ అమ్మాయికి ఫోన్ చేసి అడుగు. ఆమె కూడదంటే మానేద్దాం. సిద్ధాంతి గారికి నేను చెప్పుకుంటా."

చూశారా? ఆయన వాస్తును కూడా ఆవిడ మాట కోసం పక్కన పెట్టడానికి సిద్ధపడ్డారు. వాళ్ళ చుట్టాలకు అన్ని ఇళ్ళు కట్టానే, నన్ను ఎప్పుడూ ఒక్కరూ "నువ్వు కూడదంటే మానేద్దాం" అనలేదు. అక్కడే నా లోపల ఏదో బిగుసుకుపోయింది.

ఎస్టీడీ బూతు దాకా వెళ్ళాను. ఎవరో మాట్లాడుతుంటే బయట బల్ల మీద కూర్చున్నాను. ఆవిడ ఏమంటుందో నాకు ముందే తెలుసు. కూడదంటుంది, ఎందుకు కూడదో కూడా చెబుతుంది, ఆ చెప్పేది నిజం కూడా. అప్పుడు నేను వెళ్ళి కోటయ్య గారితో "ఆవిడ వద్దన్నారండి" అనాలి. ఇంత చేసి, ఇంత కట్టి, చివరికి నేను ఒక కబురు మోసేవాడినా? బూతులోని మనిషి బయటకు వచ్చాడు. నేను లేచాను. బూతులోకి వెళ్ళలేదు, తిరిగి వచ్చేశాను. లైను కలవలేదని చెప్పినా సరిపోయేది. రేపు చేస్తానన్నా సరిపోయేది. కోటయ్య గారు అరుగు మీద కూర్చుని "ఏమందిరా?" అన్నారు.

"సరేనన్నారండి" అన్నాను.

ఆయన వెంటనే నమ్మారు. మర్నాడే తవ్వించాను. ఆవిడ పోయించిన గ్రావెల్ మీద మొదటి పలుగు దెబ్బ పడినప్పుడు నాకు సంతోషం వేసింది. ఈ సంగతి రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అది నిజం. ఇప్పుడు ఈ ఇల్లు నాది అనిపించింది.

ఒక అబద్ధం ఆడితే ఇంకొకటి దాని వెంటే వస్తుంది. గృహప్రవేశానికి ఆవిడను పిలవమని కోటయ్య గారు కార్డు నా చేతికే ఇచ్చారు. ఆవిడ వస్తే సంపు చూస్తుంది. అందుకని కార్డు ఇవ్వలేదు. "రావడం కుదరదన్నారండి" అన్నాను. ఆయన నొచ్చుకున్నారు, చదువుకున్నవాళ్ళకు మనం ఆనతామా అనుకున్నారు. ఆ రోజు పీటల మీద కూర్చోబెట్టి నాకు బట్టలు పెట్టారు. ఇల్లు కట్టినవాడికి పెట్టడం మా వైపు ఆనవాయితీ. ఆవిడ కోసం తెచ్చిన వెంకటగిరి చీర కూడా నా చేతిలో పెట్టి, గుంటూరు వెళ్ళినప్పుడు ఇచ్చేయమన్నారు.

ఆ చీర మా ఆవిడకు ఇచ్చాను. నేనే కొన్నానని చెప్పాను. పెళ్ళయ్యాక అడగకుండా నేను తెచ్చిన మొదటి చీర అదేనని ఎంతో మురిసిపోయింది. ఇప్పటికీ పేరంటాలకు అదే కట్టుకుంటుంది.

తర్వాతి వానాకాలంలో పూజగది తలుపు పట్టేస్తోందని కబురు వచ్చింది. వడ్రంగిని తీసుకెళ్ళి అంచు చిత్రిక పట్టించాను. కొన్నాళ్ళకు మళ్ళీ పట్టేసింది, మళ్ళీ చిత్రిక పట్టించాను. ఈసారి గుమ్మం పైన మూలగా ఒక పగులు కనిపించింది. వేలు పెట్టి చూశాను. సంపు కారుతోంది. గృహప్రవేశం తొందరలో లోపలి పూత సరిగా ఆరకుండానే నీళ్ళు నింపించాను. ఆ మూల నేల పొంగుతోంది, గుమ్మం ఒరుగుతోంది. అంతా అర్థమైంది. సంపు ఖాళీ చేయించండి అంటే చాలు. ఆ ఒక్క మాటతో ఆగిపోయేది. కానీ ఎందుకు అని అడుగుతారు. సంపు వల్ల అంటే, మరి ఆ అమ్మాయి సరేనందిగా అంటారు, ఆవిడకు ఫోన్ చేస్తారు. నేను పగుల్లో సిమెంటు కూర్పించి, పైన రంగు వేయించి వచ్చేశాను. వానలు తగ్గితే అదే సర్దుకుంటుందని నాకు నేను చెప్పుకున్నాను. నమ్మానా? లేదు. నమ్మినట్టు తిరిగాను.

ఒక ముసురు రోజు పొద్దున, వాళ్ళింటికి నాలుగిళ్ళ అవతల నా పని జరుగుతోంది. కేకలు వినిపించాయి. పరుగెత్తాను. గాలికి దీపం ఆరిపోతోందని మామ్మగారు పూజగది తలుపు మూసుకున్నారట. మళ్ళీ తెరుచుకోలేదు. లాగి లాగి, వెనక్కి తిరగడంలో పైట చెంగు దీపానికి తగిలింది. లోపల మామ్మగారు అరుస్తున్నారు, తలుపు కింద నుంచి పొగ వస్తోంది. కోటయ్య గారు భుజంతో గుద్దుతున్నారు, కదలడం లేదు. మంచి టేకు తలుపు, నేనే ఏరి తెచ్చాను. నేను గడ్డపార తెచ్చి గుమ్మం పక్కన పొడిచాను. ఎక్కడ పొడిస్తే గుమ్మం వదులుతుందో నాకు తెలుసు, ఎక్కడ బిగుసుకుందో తెలుసు కాబట్టి. తలుపు ఊడింది. దుప్పటి కప్పి బయటకు తెచ్చాం.

మామ్మగారు బతికారు. కుడిచెయ్యి మోచేతి దాకా కాలింది. మానాక కూడా వేళ్ళు ముడుచుకునే ఉండిపోయాయి, ఎడమచేత్తోనే తినేవారు. నేను కనిపిస్తే చాలు, "నువ్వు రాకపోతే ఆ రోజే పోయేదాన్ని నాయనా, నీ కడుపు చల్లగా" అనేవారు. ముడుచుకుపోయిన ఆ చేతినే నా తల మీద పెట్టేవారు. నేను తల వంచేవాడిని. వినయం అనుకునేవారు అందరూ.

కోటయ్య గారు నసీమాను గుంటూరు నుంచి పిలిపించారు. ఒక్కతే బస్సు దిగి వచ్చింది. వసారాలో వాళ్ళ చుట్టాలంతా ఉన్నారు. ఆవిడ ముందు మామ్మగారి దగ్గర కూర్చుని కాసేపు మాట్లాడింది. తర్వాత ఇల్లు చుట్టూ తిరిగింది. ఈశాన్యం మూల ఆగింది. సంపు మీద మూత చూసి, వంగి పక్కకు జరిపి లోపలికి చూసింది. ఆవిడ లేచి, వసారాలోకి వచ్చి, నేరుగా నన్నే అడిగింది.

"మేస్త్రి గారూ, సంపు ఇక్కడ తవ్వమని మీకెవరు చెప్పారండీ?"

అందరూ నా వైపు తిరిగారు.

"మీరేగదమ్మా. ఫోన్లో అడిగితే సరేనన్నారుగా."

"నేనా? నాకు ఫోనే రాలేదండీ."

"చూడమ్మా," కోటయ్య గారు అందుకున్నారు, "నేను మరీ మరీ చెప్పా ఈడికి, నిన్నడక్కుండా పలుగు ఎయ్యొద్దని. నీ మాట మీద నమ్మకంతో చెప్పా. ఇయ్యాల మా అమ్మ చెయ్యి చూడు."

"కోటయ్య గారూ, నన్ను అడిగుంటే నేను ఒప్పుకునేదాన్ని కాదండీ. నీళ్ళు గోడ దగ్గరకు రాకూడదని మొదటి రోజే చెప్పానుగదా."

వెనక నుంచి ఎవరో అన్నారు. "మన వాస్తులూ అయ్యీ ఆమెకేం తెలుసులే బాబాయ్. వాళ్ళకు ఇయన్నీ ఉంటయ్యా?"

ఆ మాటకు అక్కడ ఎవరూ అడ్డు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. వాస్తు కోసం ఆ మూల తవ్వింది నేను, ఆవిడ కాదు. నేల గురించి ఆలోచించింది ఆవిడ ఒక్కతే. అయినా ఆ మాట ఆవిడ మీద పడుతుంటే చూస్తూ నిలబడ్డాను. పైగా లోపల కాస్త ధైర్యం కూడా వచ్చింది, జనం ఎటు మొగ్గుతున్నారో తెలిసిపోయి.

ఆవిడ ఇంకెవరితోనూ వాదించలేదు. నన్నే చూస్తూ, గొంతు పెంచకుండా, "మీకు తెలుసు మేస్త్రి గారూ" అంది. సంచీ తీసుకుని బస్సు కోసం నడిచి వెళ్ళిపోయింది. అందరూ ఉండీ ఒక్కరం కూడా రోడ్డు దాకా సాగనంపలేదు.

గోడ కట్టినవాడి పేరు ఎక్కడా రాసి ఉండదు. ప్లాను మీద మాత్రం గీసినవాళ్ళ పేరు ఉంటుంది. అందుకే ఇల్లు బాగుంటే నా ఇల్లు అయింది, పగిలితే ఆవిడ ఇల్లు అయింది. మాట యార్డు దాకా పాకింది. మిర్చి వ్యాపారులు ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. సత్తెనపల్లిలో ఆవిడ గీయవలసిన ఫంక్షన్ హాలు ఆగిపోయింది. ఆ పని నాకు ఇచ్చారు. నేను కట్టాను. ఆ అడితి పైగది ఆఫీసు మూతపడిందని ఒకసారి టేకు కొనడానికి వెళ్ళినప్పుడు చూశాను. వాళ్ళ నాన్నగారు నాకు ఎప్పటిలాగే టీ తెప్పించారు. కూతురు ఒంగోలు వైపు కాలేజీలో డ్రాయింగు చెబుతోందని, ఇళ్ళు గీయడం మానేసిందని అన్నారు. టీ తాగేశాను. కలప బేరం కూడా చేశాను. ఇంత నటన నాలో ఉందని నాకే తెలియదు.

తర్వాత ఒకసారి చిలకలూరిపేట బస్టాండులో ఆవిడ కనిపించింది. చంకలో డ్రాయింగు కాగితాల చుట్ట, పక్కన ఒకళ్ళిద్దరు విద్యార్థులు. దేని గురించో చెబుతూ చేతులు తిప్పుతోంది. నేను పర్చూరు బస్సు చాటుకు వెళ్ళి, ఆవిడ బస్సు కదిలే దాకా అక్కడే నిలబడ్డాను. ఎదురుపడితే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. నమస్కారం పెట్టి ఉండేది, మేస్త్రి గారూ అని ఉండేది. నేను భయపడింది సరిగ్గా దానికే.

మామ్మగారు పోయినేడు పోయారు. ఈమధ్య కోటయ్య గారి చిన్నబ్బాయి గుంటూరులో స్థలం కొన్నాడు. మొన్న కోటయ్య గారు మా ఇంటికే వచ్చి కూర్చున్నారు. "ఈసారి ఆర్కిటెక్టులూ వాళ్ళూ వద్దురా అబ్బాయ్. నువ్వే గీసి నువ్వే కట్టు. ఆ పిల్ల చేసిన నిర్వాకం చాలు" అన్నారు.

ఎందుకో ఆ పూట నా వల్ల కాలేదు. ఇన్నేళ్ళు ఊఁ కొట్టినవాడిని ఇంకొక్కసారి కొట్టలేకపోయాను.

"ఆవిడ చేయలేదండీ. నేను ఫోన్ చేయలేదు. ఆవిడను అడగనే లేదు."

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం మాడిపోయింది. కొడతారనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. ఆయన ఒక్కటే అడిగారు.

"ఆ పిల్లకు చెప్పావా?"

"లేదండీ."

"మరి నాకెందుకు చెబుతున్నావురా?"

ఆయన కండువా దులుపుకుని లేచి వెళ్ళిపోయారు. మళ్ళీ కబురు లేదు. రాదు కూడా.

ఆ ప్రశ్న పట్టుకునే ఇది రాస్తున్నాను. ఆయనకెందుకు చెప్పాను? ఆయన నాకు పని ఇచ్చేవాడు, కోప్పడగలవాడు, రేపో మాపో కోపం తగ్గించుకోగలవాడు కూడా. మరి మీకెందుకు చెబుతున్నాను? అది ఇప్పుడే, రాస్తూ ఉండగానే తెలిసింది. మీరు ఆవిడ కాదు. అందుకే చెప్పగలిగాను. ఒంగోలు బస్సెక్కితే మధ్యాహ్నానికల్లా ఆ కాలేజీ గేటు ముందుంటాను. ఇంకా ఎక్కలేదు. ఎక్కుతానని మీకు మాట ఇవ్వను, నా మాట ఎలాంటిదో మీరు చూశారు.

ఆవిడ సరేననలేదు. నేను అడగలేదు. ఇది రాశాక ఛాతీలో పట్టేసింది కాస్త వదిలినట్టుంది, ఊపిరి ఆడుతోంది. ఆవిడకు మాత్రం దీనివల్ల ఒరిగిందేమీ లేదు. తేలికపడింది నేనొక్కడినే.